బదులు సంతకం

ఆవిడ ఫలానా రోజుకే సెలవు కావాలని తన ఉద్యోగంలో ఒకే ఒక్కసారి అడిగింది. ఇవ్వలేదు.

ఈ మాట ముందు రాసుకుంటే గాని నాకు చెయ్యి సాగదు. మంచి మనిషి పోయిందని మొదలుపెట్టి, ఎంత ఓర్పు, ఎంత సేవ అని పొగిడి, చివర్లో ఎక్కడో ఒక మూల ఈ సంగతి ఇరికించడం నాకు చేతకాదు. అలాంటి మాటలు ఈ వానాకాలంలో ఆవిడ సమాధి దగ్గర కావలసినన్ని విన్నాను. ఆసుపత్రి ఆఫీసు తరఫున పూలగుత్తి తెచ్చిన కుర్రాడు కూడా మాట్లాడాడు. సెలవుల కోసం ఆవిడ ఏనాడూ యాజమాన్యాన్ని ఇబ్బంది పెట్టలేదట. మెడల్ తగిలిస్తున్నట్టు చెప్పాడు. నా పక్కన నిలబడ్డ నర్సు పిల్లలు తలలు దించుకున్నారు. నాకు దించుకోవాలనిపించలేదు.

నేను ఆ ఆసుపత్రిలో లినెన్ స్టోరు చూసేవాణ్ణి. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గది ఆకుపచ్చ బట్టలు వార్డులకి ఇవ్వడం, మురికివి చాకలి గదికి పంపడం, చిరిగినవి పక్కన పెట్టడం నా పని. దక్షిణ ఢిల్లీలో, బేర్ సరాయ్ నుంచి నడిచి పోయేంత దూరంలో ఉండేది. ఆసుపత్రి పేరు రాయను. ఆవిడ పేరు కూడా రాయను. అందరూ సిస్టర్‌జీ అనేవాళ్ళు. తెలుగు పిల్లలు అక్కా అనేవాళ్ళు. నన్ను ఆవిడ అన్నయ్యగారూ అనేది. మాది తెనాలి పక్క, ఆవిడది బందరు పక్క. ఢిల్లీలో ఆ మాత్రం దగ్గరతనం చాలు, అన్నాచెల్లెళ్ళు అయిపోవడానికి.

మనిషి పొట్టి. ఇన్‌చార్జి సిస్టరయ్యాక తెల్ల చీర కట్టేది, చలికాలం దాని మీద తనే అల్లుకున్న నీలం స్వెట్టరు వేసేది. ఆ స్వెట్టరు మోచేతుల దగ్గర విప్పి మళ్ళీ అల్లడమే గాని, కొత్తది అల్లగా నేను చూడలేదు. కొత్త ఊలుతో అల్లినవన్నీ ఎవరి బిడ్డకో. గడియారం చేతికి పెట్టుకునేది కాదు, గుండె దగ్గర పిన్నుతో తలకిందులుగా తగిలించుకునేది. ఎవరైనా అబద్ధం చెబుతుంటే ఒక్క మాట అనేది కాదు. బొటనవేలితో ఆ గడియారం పైకెత్తి, టైము చూసి, వదిలేసేది. డాక్టర్లు కూడా ఆ గడియారం పైకి లేవడం చూసి మాట మార్చుకోవడం నాకు తెలుసు.

ఆవిడ హిందీ విచిత్రంగా ఉండేది. అందులో ఆడా మగా తేడా లేదు. పొట్ట కోయించుకుని పడుకున్న మీసాల జాట్ రైతు దగ్గర నిలబడి, "తుమ్ అచ్ఛీ హో గయీ, పరసోం ఘర్ జాయేగీ," అని, ఎల్లుండి ఇంటికి పోతావన్న మాట ఆడమనిషితో అన్నట్టు అనేది. ఆయన కుట్లు పట్టుకుని నవ్వేవాడు. "సిస్టర్‌జీ, నవ్వించకండి, పగిలిపోతాను," అని బతిమాలేవాడు. "నవ్వితే గాలి పోతుంది, గాలి పోతే అన్నం పెడతాం," అని నా వైపు తిరిగి తెలుగులో అనేది. ఆ రోగి ఇంటికి వెళ్ళేటప్పుడు గేటు దాకా ఆవిడే వెళ్ళేది.

సాగనంపడం ఆవిడకి వ్యసనం అనాలి. సెలవు మీద ఊరెళ్ళే ప్రతి పిల్లనీ రైలెక్కించడానికి స్టేషనుకి తయారు. డ్యూటీ దిగి, ముఖం కడుక్కుని, పులిహోర పొట్లంతో వచ్చేది. నేనూ చాలాసార్లు తోడు వెళ్ళాను, సామాను మోయడానికి. ప్లాట్‌ఫారం మీద ఆవిడ అడిగేది ఒకే మాట.

"కిటికీ పక్కదేనా?"

కాదంటే లోపలికి ఎక్కి, కిటికీ దగ్గర కూర్చున్న మనిషితో తన హిందీలో మాట్లాడి, సీటు మార్పించి దిగేది. రైలు కదిలాక చెయ్యి ఊపేది కాదు. చివరి పెట్టె పోయేదాకా చూసి, "బెజవాడ స్టేషను వచ్చేసరికి మెలకువగా ఉంటుందో ఉండదో," అనేది. ఎవరు వెళ్ళినా అదే. కేరళ పిల్ల వెళ్ళినా అదే అనేది, ఆ పిల్ల రైలు ఎటు నుంచి పోతుందో కూడా చూసుకోకుండా.

ఇక ఆ సంతకం సంగతి. ఆవిడ కష్టమంతా అక్కడే మొదలైంది.

నేను చేరిన కొత్తలో సెలవు ఫారం చాలా చిన్నది. పేరు, వార్డు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, కారణం, కింద సంతకం. ఒకసారి తణుకు పక్క నుంచి వచ్చిన ఒక పిల్లకి అక్క పెళ్ళి. వార్డులో మనుషులు లేరని సెలవు ఇవ్వనన్నాడు ఆఫీసులో ఉండే పెద్ద బాబు. జీతాలు, హాజరు, సెలవులు అన్నీ అతని చేతిలోనే. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే ఈవిడ చూసింది. చెయ్యి పట్టుకుని పెద్ద బాబు గదిలోకి తీసుకుపోయింది. నేను ఆ గదిలోనే ఉన్నాను, సబ్బుల కాగితం మీద సంతకం కోసం.

"దీని డ్యూటీ నేను చేస్తాను," అంది.

"మరి మీ డ్యూటీ?"

"నాదీ చేస్తాను. ఒకటి అయ్యాక ఒకటి. నమ్మకం లేదా? రాసిస్తాను."

బల్ల మీద ఖాళీ లేదు, అన్నీ ఫైళ్ళే. ఆ పిల్లని భుజాలు పట్టుకుని అటు తిప్పి, వీపు మీద కాగితం పెట్టి, అంచున ఉన్న తెల్ల జాగాలో 'ఈమె బదులు నేను చేస్తాను' అని రాసి సంతకం పెట్టింది. పెద్ద బాబుకి అది భలే నచ్చింది. "ఐసా హో తో ఠీక్ హై," అన్నాడు, ఇలాగైతే సరే అని. ఆ పిల్ల పెళ్ళికి వెళ్ళింది.

ఆ తర్వాత సెలవుకి వచ్చిన ప్రతి మనిషినీ పెద్ద బాబు అడిగేవాడు, "నీ బదులు ఎవరు? సంతకం ఏది?" అని. మరుసటి ఏడు ఫారాలు కొత్తగా అచ్చు వేయించినప్పుడు అందులో ఒక గడి వచ్చింది. 'బదులు పనిచేయువారి పేరు, సంతకం.' ఆవిడ మంచితనానికి వాళ్ళు గడి గీసి అచ్చు వేశారు.

చూడండి ఎంత తెలివో. మనుషుల్ని తక్కువ పెట్టుకున్నది వాళ్ళు. ఆ లోటు పూడ్చే పని సెలవు అడిగినవాళ్ళ నెత్తిన పడింది. ఇక సెలవు కావాలంటే ఆఫీసుని అడగక్కర్లేదు, సాటి మనిషి కాళ్ళు పట్టుకోవాలి. అందరూ పట్టుకున్నవి ఈవిడ కాళ్ళే. ఫారం చదివేది కాదు. ఎన్నాళ్ళు అని అడిగేది కాదు. నడుస్తూ నడుస్తూ ఆగి, "వీపు తిప్పవే," అనేది. హిందీ పిల్లలకైతే "ఘూమ్ జా." ఆ పిల్ల గిరుక్కున తిరిగేది. వీపు మీద చక్కిలిగింతలు పెడుతున్నట్టు పెన్ను నడిచేది. ఆ సంతకం కాస్త వంకరగా ఉండేది ఎప్పుడూ, వీపులు బల్లల్లా ఉండవు గదా. క్రిస్మస్ నెలలో ఆవిడ ఒకే మనిషి ముగ్గురి పని కింద నలిగేది. తన సెలవు మాత్రం అందరూ ఎంచుకోగా మిగిలిన రోజుల్లో, ఏ మండుటెండల్లోనో తీసుకుని, హాస్టల్ గదిలో పడుకుని నిద్రపోయేది.

నాకు బడి చదువు అయిదో తరగతితో సరి. మిగతాదంతా బేర్ సరాయ్ పుస్తకాల షాపుల్లో చదువుకున్నాను. పెద్ద పరీక్షలకి చదివే కుర్రాళ్ళు పరీక్ష పోయాక అమ్మేసిన పుస్తకాలు అక్కడ గుట్టలుగా ఉంటాయి. నిలబడి చదివినా ఆ షాపువాళ్ళు కసరరు. కార్మిక చట్టాలు, సర్వీసు నిబంధనలు, అవన్నీ అలా పట్టుకున్నాను. సెలవు నిబంధనలంత కపటమైన రాత నేను ఇంకెక్కడా చూడలేదు. ఏడాదికి ఇంత సెలవు ఉద్యోగికి చెందుతుందని ఒక వాక్యం. సెలవును హక్కుగా కోరరాదని దాని కింద వాక్యం. చెందేది హక్కు కాకపోతే ఇంకేమిటి? ఈ రకం సెలవుని ఆ రకం సెలవుతో కలపకూడదు. మధ్యలో ఆదివారం పడితే అదీ మింగేస్తారు. ముందుగా చెప్పాలి, కానీ చావులు ముందుగా చెప్పి రావు. వాడుకోకుండా దాచుకుంటే ఒక హద్దు దాటాక మురిగిపోతుంది.

ఇదంతా నేను ఆవిడకి స్టోరులో దుప్పట్లు మడతపెడుతూ చెబితే నవ్వింది.

"మురిగిపోతుందా అన్నయ్యగారూ? పాలా ఏమన్నానా?"

"నవ్వు. నీదే అందరికంటే ఎక్కువ మురిగిపోయింది."

"పోనీండి. తోడు పెట్టుకుంటే పెరుగైనా అయ్యేది," అని, దుప్పటి కొస నా చేతికిచ్చింది. దుప్పటి మడవడంలో ఆవిడకో పద్ధతి. రెండు కొసలూ కలిపి ఎదురుగా నడిచి వచ్చి, నా చేతిలో పెట్టి, కింద వేలాడే మడతని కాలితో కాదు, వంగి చేత్తో అందుకునేది. కాలు తగలనిచ్చేది కాదు. "దీని మీద ఎవరో ఒకరు పోతారు గదా," అనేది.

ఒక ఏడు దసరా వెళ్ళాక ఒక మధ్యాహ్నం స్టోరుకి వచ్చింది. గలీబులు ఎంచుతున్నాను.

"అన్నయ్యగారూ, ఒక సెలవు ఫారం నింపి పెడతారా? ఇంగ్లీషులో గట్టిగా రాయాలి."

"ఎవరికమ్మా?"

"నాకే."

ఎంచడం ఆపేశాను. ఆవిడ స్టూలు మీద కూర్చుంది. ఆవిడ కూర్చోవడమే అరుదు.

సంగతి ఇది. వాళ్ళ ఊరి పాస్టరు గారు ఉత్తరం రాశారు. సమాధుల తోటలో జాగా చాలడం లేదు. రాయి గాని, పేరు గాని లేని మట్టి దిబ్బలు చాలా ఉన్నాయి. ఈసారి సమాధుల పండుగ నాడు ఎవరి వాళ్ళు వచ్చి తమ దిబ్బ దగ్గర నిలబడి చూపించాలి. చూపించినవాటికి గుర్తు పాతుతారు. ఎవరూ రానివి చదును చేసి కొత్తవాళ్ళకి ఇస్తారు. సమాధుల పండుగ అంటే నవంబరు మొదట్లో వస్తుంది. సాయంత్రం అందరూ తోటకి వెళ్ళి, తమ వాళ్ళ సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు.

ఆవిడ తల్లి మిషన్ హాస్టల్లో వంట మనిషిగా చేసి కూతుర్ని నర్సు చదివించింది. ఈవిడ ఢిల్లీ వచ్చిన కొత్తలోనే పోయింది. రాయి వేయించే స్తోమత లేక కొయ్య శిలువ పాతి వచ్చింది. ఆ తర్వాత ఒక తుఫానుకి అది కొట్టుకుపోయింది. అన్నదమ్ములు లేరు. ఆ రోజు తోడుకి వచ్చిన మేనమామ కూడా పోయాడు.

"ఎక్కడుందో నాకొక్కదానికే తెలుసండీ. కళ్ళు మూసుకుని వెళ్ళి నిలబడగలను. ఉత్తరంలో రాసి చెప్పలేను," అంది. గడియారం పైకెత్తి చూసింది, టైము కోసం కాదు. "నేను వెళ్ళకపోతే అమ్మ మీద ఇంకొకళ్ళని పెడతారు."

ఫారం నింపాను. నాకు వచ్చిన ఇంగ్లీషంతా పోశాను. అంతా అయ్యాక ఆ గడి మిగిలింది.

"బదులు ఎవరు?"

"అదేగా," అంది.

మామూలు నర్సు ఇన్‌చార్జికి బదులు సంతకం పెట్టకూడదని పెద్ద బాబు పట్టు. ఇన్‌చార్జికి ఇన్‌చార్జే పెట్టాలి. ఆసుపత్రిలో ఇన్‌చార్జిలు ఇద్దరే. రెండో ఆవిడ ప్రసూతి వార్డులో ఉండే కేరళ సిస్టరు. ఆ కేరళ సిస్టరు సరిగ్గా అవే రోజులకి సెలవు పెట్టింది, తమ్ముడు చర్చి ఫాదరు అవుతున్నాడు, గురుపట్టం ఇచ్చే రోజది. ఆవిడ ఫారం మీద బదులు సంతకం ఎవరిది? ఈవిడదే. పాస్టరు గారి ఉత్తరం రాకముందే, ఆ పెద్దావిడ వీపు కూడా తిప్పించి పెట్టేసింది.

"వెనక్కి తీసుకో. తన సంగతి తను చూసుకుంటుంది," అన్నాను.

"టికెట్టు తీసుకుందండీ."

"అయితే?"

"తమ్ముడు ఒక్కసారే గదండీ ఫాదరయ్యేది."

"మీ అమ్మ రెండుసార్లు పోయిందా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది అని ఇంకొకరైతే రాసేవారు. నేను మళ్ళీ అయినా అదే అంటాను. ఆవిడ నేను ఎంచిన గలీబులు సర్దుతూ, "సంతకం పెట్టాక వెనక్కి ఎలా తీసుకుంటాం అన్నయ్యగారూ," అంది.

నాకు కోపం వచ్చింది. లేచి, "వీపు తిప్పమ్మా," అన్నాను.

"ఎందుకు?"

"తిప్పు."

తిరిగింది. ఆ నీలం స్వెట్టరు మీద ఫారం పెట్టి, ఆ గడిలో నా పేరు రాసి, నా సంతకం గీశాను. గడిలో పేరు అన్నారు, సంతకం అన్నారు. హోదా అనలేదు. ఆవిడ వెనక్కి తిరిగి చూసుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అంతసేపు నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు.

ఫారం నేనే తీసుకెళ్ళి పెద్ద బాబు బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు.

"యే క్యా హై?"

"బదులు సంతకం."

"ఆప్ కా?" గదిలో ఉన్న ప్యూన్లని చూసి గొంతు పెంచాడు. "వినండ్రా, ఈ బాబా ఇంజెక్షన్ ఇస్తాడట!"

"ఇస్తే మొదటిది తమకే ఇస్తాను," అన్నాను. ప్యూన్లు గోడ వైపు తిరిగి నవ్వుకున్నారు.

"దుప్పటి కప్పడం తప్ప మీకేం వచ్చు?"

"మీకు అది కూడా రాదు. రూలు చూపించండి. బదులు సంతకం లేకపోతే సెలవు ఇవ్వకూడదని ఎక్కడుందో చూపించండి."

ఫారం నా ముఖం ముందు పెట్టి ఆ గడి మీద వేలితో కొట్టాడు. "యే క్యా హై? గడి ఉందా లేదా? ఛపా హువా హై న? అచ్చయింది కదా, అదే రూలు."

"అచ్చయినదల్లా రూలేనా?"

అప్పుడతను గొంతు దించాడు. "కూర్చోండి బాబా. నా ఫారం మీద ఎవరు సంతకం పెడతారో మీరే చెప్పండి. ఈ కుర్చీకి బదులెవరు? మా అమ్మాయి కాన్పుకి రోహ్‌తక్ పోలేకపోయాను. నేనెవరితో కొట్లాడను?" అని, ఆ ఫారం మీద ఎర్ర సిరాతో అడ్డంగా రాసి నాకే తిరిగి ఇచ్చాడు. 'గడి సరిగా నింపలేదు.'

పెద్ద డాక్టరుకి రాశాను. ట్రస్టు అధ్యక్షుడికి రాశాను. లేబర్ ఆఫీసుకి రాశాను. బేర్ సరాయ్‌లో టైపు చేసే కుర్రాడికి నా ఉత్తరాలు కంఠతా వచ్చేశాయి. ఎవ్వరూ జవాబివ్వలేదు. ఆ లోపు ఆవిడతో, "చెప్పకుండా వెళ్ళిపో. ఉద్యోగం తీసేస్తే నేను కోర్టుకి వెళ్తాను," అన్నాను.

"నేను వెళ్ళిపోతే ఆపరేషన్ అయినవాళ్ళని ఎవరు చూస్తారండీ? మీరా? గలీబులు మారుస్తారా?"

పాస్టరు గారికి ఉత్తరం రాసింది. నూతి వైపు గోడ, గోడ కింద నాగజెముడు, దాని పక్కన అని రాసింది. ఆయన కొత్తగా వచ్చినాయన. నుయ్యి పూడ్చేశారనీ, గోడ కొత్తగా కట్టారనీ, తమరు వచ్చి చూపించడమే మంచిదనీ జవాబు వచ్చింది. కేరళ సిస్టరు బయలుదేరిన రోజు ఈవిడ స్టేషనుకి వెళ్ళింది. "కిటికీ పక్కదేనా?" అని అడిగింది. నేను సామాను మోయడానికి వెళ్ళలేదు.

పండుగ నాడు రెండు వార్డుల్లోనూ తనే తిరిగింది. పొద్దు వాలేవేళ స్టోరు తలుపు దగ్గరికి వచ్చి, "అగ్గిపెట్టె ఉందా?" అంది. చేతిలో కొవ్వొత్తి.

"ఇన్ని బట్టల మధ్యనా? ఆసుపత్రి అంటుకుంటుంది."

"వార్డులో ఆక్సిజన్ ఉంటుందండీ. ఎక్కడ వెలిగించమంటారు మరి?"

డాబా మీదికి వెళ్ళాం. నీళ్ళ ట్యాంకు వెనక, పిట్టగోడ మీద కొవ్వొత్తి నిలబెట్టింది. గాలికి నిలవలేదు. మళ్ళీ వెలిగించాను, మళ్ళీ పోయింది. ఆఖరికి ఇద్దరం నాలుగు చేతులూ అడ్డం పెట్టాం.

"దక్షిణం ఎటండీ?"

చూపించాను. అటు తిరిగింది. అటు వైపు కనిపించేవి బేర్ సరాయ్ గదుల కిటికీలు, తీగల మీద ఆరేసిన కుర్రాళ్ళ చొక్కాలు. గడియారం పైకెత్తి చూసింది.

"ఇప్పుడు పాట మొదలెడతారు," అంది. పాడలేదు. చేతులు మాత్రం తియ్యలేదు. కింద నుంచి ఎవరో సిస్టర్‌జీ అని పిలిచే దాకా ఉండి, కొవ్వొత్తి ఆర్పి, మిగిలిన ముక్క జేబురుమాల్లో చుట్టి దిగిపోయింది.

కేరళ సిస్టరు తిరిగి వచ్చాక విషయం తెలిసి ఏడ్చింది. వెంటనే బదులు సంతకం పెట్టింది. సంక్రాంతి వెళ్ళాక ఈవిడ ఊరెళ్ళింది. ఈసారి నేను స్టేషనుకి వెళ్ళాను. "కిటికీ పక్కదేనా?" అని నేనే అడిగాను. "పై బెర్తు," అంది. మార్పించుకోలేదు.

అనుకున్న దానికంటే ముందే తిరిగి వచ్చేసింది. స్టోరులో దుప్పటి కొస పట్టుకుని చెప్పింది. "పాస్టరు గారు మంచాయనేనండీ. చాలా బాధపడ్డారు. ఆయన మాత్రం ఎన్నాళ్ళు ఆగుతారు? అంతా చదును చేసేశారు. నూతి గుర్తు లేదు, గోడ గుర్తు లేదు. కళ్ళు మూసుకుని నడిచాను. ఎక్కడికో వెళ్ళాను."

"ఎక్కడ వెలిగించావు?"

"ఒక పసిబిడ్డది కొత్త సమాధి ఉందండీ. అమ్మ అక్కడే అనిపించింది. ఆ ముక్క కొవ్వొత్తి అక్కడ పెట్టి, ఇద్దరికీ అని చెప్పాను." దుప్పటి మడత వంగి అందుకుంది. "పోనీండి. అమ్మకి చంటిపిల్లలంటే ఇష్టమే."

నేను ఇంకా ఏమీ అనకముందే తలుపు దగ్గర కరుణ నిలబడి ఉంది. ఏలూరు నుంచి కొత్తగా చేరిన పిల్ల. చేతిలో ఫారం.

"అక్కా, ఈస్టరుకి..."

"వీపు తిప్పవే," అంది.

నా ఒళ్ళు మండింది. ఆ పిల్ల వెళ్ళాక అడిగాను. "బుద్ధి లేదా నీకు? ఇంత జరిగాక కూడా ఎందుకు పెడతావమ్మా ఆ సంతకాలు?"

నేనేదో అర్థం లేని ప్రశ్న వేసినట్టు చూసింది. "సంతకం లేకపోతే ఆ పిల్లకి సెలవు ఇవ్వరు గదా అన్నయ్యగారూ. రూలు గదా."

"ఆ రూలు మొదలుపెట్టింది నువ్వే."

"నేనా? నేనెందుకు పెడతానండీ అలాంటి రూలు?" అంది. నిజంగానే మర్చిపోయింది. నేను గుర్తు చేయబోయాను. గడియారం పైకెత్తింది.

ఆ తర్వాత నేను రిటైరై, బేర్ సరాయ్‌లోనే పరీక్షల కుర్రాళ్ళ మధ్య ఒక మేడ మీద గదిలో ఉంటున్నాను. ఆవిడ ఆదివారాలు చర్చి నుంచి వస్తూ మెట్ల కింద నిలబడి పిలిచేది. మెట్లెక్కలేకపోతున్నాననేది. ఈ వానల్లో జ్వరం వచ్చింది. తన వార్డులోనే, తను ఎందరికో పక్క వేసిన మంచం మీదే పోయింది. ఇక్కడి సమాధుల తోటలోనే పెట్టారు. రాయి వెంటనే వేయించాలని నర్సు పిల్లలు అప్పటికప్పుడు నిశ్చయించుకున్నారు. అందులో ముందు మాట్లాడింది కరుణ.

పూలగుత్తి తెచ్చి పొగిడిన ఆ ఆఫీసు కుర్రాడి గురించి మొదట్లో చెప్పాను కదా. పెద్ద బాబు కుర్చీలో ఇప్పుడు అతను ఉన్నాడు. హైదరాబాద్ అతను, గుర్గావ్‌లో ఏదో పెద్ద కంపెనీలో చేసి వచ్చాడట. అందరూ వెళ్ళాక అతన్ని ఆపాను. ఆవిడ సెలవుల కోసం ఎందుకు ఇబ్బంది పెట్టలేదో చెప్పాను. మొత్తం చెప్పాను. వానలో గొడుగు నా మీదికి పట్టి పాపం నిలబడి విన్నాడు.

"నాకు తెలువదు అంకుల్, నేను అప్పుడు లేను. మీరు రాసియ్యండి, నేను చూస్త," అన్నాడు.

రాసిచ్చాను. పాత ఉత్తరాల నకళ్ళన్నీ జతచేశాను. ఒకే ప్రశ్న అడిగాను. బదులు సంతకం లేనిదే సెలవు లేదన్న రూలు ఎవరు పెట్టారు, ఎక్కడ రాసి ఉంది, నాకు చూపించండి అని. ఇన్నేళ్ళలో నా ఉత్తరానికి జవాబిచ్చిన మొదటి మనిషి అతనే, అది ఒప్పుకోవాలి. నిన్న పోస్టులో వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. ఉన్నది ఉన్నట్టు తెలుగులో రాస్తున్నాను.

"అయ్యా, మీ లేఖ అందినది. పాత దస్త్రములు, ట్రస్టు తీర్మానములు అన్నియు చూడడమైనది. సెలవు మంజూరునకు బదులు పనిచేయువారి సంతకము కావలెనను నియమము ఈ సంస్థలో ఏనాడును లేదు. దరఖాస్తుపై ఆ గడి సిబ్బంది సౌకర్యార్థము ముద్రింపబడినది మాత్రమే. దానిని ఖాళీగా వదలవచ్చును. సదరు సిస్టరు గారు కోరుకున్నచో ఆ సెలవుపై వెళ్ళియుండవచ్చును."